పొద్దున పరగడుపు షుగర్ ఎందుకు పెరుగుతోంది? రాత్రి మూడు రీడింగులతో తేల్చుకునే పద్ధతి

రాత్రి రెండు పుల్కాలే తిన్నారు. పడుకునేముందు చూస్తే 132. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. పొద్దున లేచి చూస్తే 178. ఏమీ తినకుండా ఎనిమిది గంటలు ఉంటే తగ్గాల్సింది పోయి ఎలా పెరిగింది? షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న రాక మానదు. జవాబు తెలియక కొందరు రాత్రి తిండి మానేస్తారు. ఇంకొందరు రాత్రి ఇన్సులిన్ తామే రెండు మూడు యూనిట్లు పెంచేసుకుంటారు. తిండి మానేస్తే పొద్దుటి అంకె పెద్దగా కదలదు. కారణం తెలియకుండా ఇన్సులిన్ పెంచితే మాత్రం ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

పొద్దున షుగర్ పెరగడానికి కారణాలు నాలుగైదున్నాయి. ఒకదానికి చేయాల్సిన పని ఇంకోదానికి చేయకూడని పని. పొద్దుటి అంకె ఒక్కటే చూసి కారణం ఏదో డాక్టరు కూడా చెప్పలేరు. రాత్రి ఒంట్లో ఏం జరిగిందో చూడాలి. అందుకు ఇంట్లో ఉన్న మీటరు, తొమ్మిది స్ట్రిప్పులు, ఒక అలారం చాలు.

ఎంత ఉంటే ఎక్కువ అనుకోవాలి

షుగర్ ఉందని తేలి మందులు వాడుతున్న పెద్దవాళ్లలో చాలామందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య ఉండాలన్నది లక్ష్యం. గర్భిణులకు 95 దాటకూడదు. గుండె జబ్బో కిడ్నీ జబ్బో తోడున్న వయసు మళ్లినవాళ్లకు 90 నుంచి 150 వరకు పర్వాలేదు. మంచం పట్టినవాళ్లకు 180 వరకు ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ వయసులో షుగర్ పెరగడం కంటే రాత్రిపూట పడిపోవడమే ఎక్కువ ముప్పు. ఎనభై ఏళ్ల నాయనమ్మకు 145 వచ్చిందని ఇంట్లో గాభరాపడి అన్నం తగ్గించేయకండి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్ల మీటర్లలో వేరే కొలత (mmol/L) కనిపిస్తుంది; మన అంకెలు mg/dLలో ఉంటాయి. దాన్ని 18తో గుణిస్తే మన అంకె వస్తుంది. అక్కడి 7.2 అంటే ఇక్కడ 130.

ఒక్కరోజు 150 వస్తే అది లెక్కలోకి రాదు. వారంలో నాలుగైదు రోజులు 130 దాటుతుంటే అప్పుడు కారణం వెతకాలి.

తినకుండా ఎలా పెరుగుతుందంటే

మనం నిద్రపోతున్నా మెదడు, గుండె పనిచేస్తూనే ఉంటాయి. వాటికి కావలసిన గ్లూకోజును రాత్రంతా లివర్ కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల నుంచి శరీరం లేవడానికి సిద్ధమవుతుంది. కార్టిసాల్, గ్రోత్ హార్మోన్, గ్లూకగాన్ లాంటి హార్మోన్లు జోరందుకుంటాయి. అవి లివర్‌తో ఇంకాస్త గ్లూకోజు వదిలిస్తాయి, ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి కూడా. షుగర్ లేనివాళ్లలో పాంక్రియాస్ వెంటనే కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి సరిచేసుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఆ సర్దుబాటు జరగదు. 1981లో వైద్యులు దీనికి ‘డాన్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. తెల్లవారుజాము పెరుగుదల అనుకోవచ్చు. రాత్రి కనిష్ఠం నుంచి పొద్దుటికి 20 దాటి పెరిగితే ఇది ఉన్నట్టు లెక్క.

ఇందులో మీ తప్పేమీ లేదు. రాత్రి దొంగచాటుగా ఏదో తిన్నారని ఇంట్లో పెద్దాయన్ని నిలదీసేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

ముందు ఆ అంకె నిజమో కాదో చూసుకోండి

మామిడిపండు తిని చేతులు తుడుచుకున్నారే గానీ కడుక్కోలేదు. వేలిచివర కంటికి కనిపించని తీపి పొర ఉండిపోతుంది. స్ట్రిప్పు తీసుకునే రక్తం ఆవగింజంత కూడా ఉండదు. ఆ చిన్న బొట్టులో ఆ తీపి కలిస్తే అసలు 120 ఉన్నది 200 దాటి చూపించవచ్చు. శానిటైజర్ రాసుకుంటే తీపి పోదు. సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, తడి మిగిలితే బొట్టు పల్చబడి తక్కువ చూపిస్తుంది. వేలిని గట్టిగా పిండకూడదు. చేతిని కాసేపు కిందికి వేలాడదీసి, వేలి కొన పక్క నుంచి గుచ్చుకుంటే రక్తం దానంతటదే వస్తుంది, నొప్పి కూడా తక్కువ.

స్ట్రిప్పుల డబ్బా మూత తీసి పెడితే గాలిలో తేమకే అవి పాడవుతాయి. వానాకాలంలో మరీను. తీసిన వెంటనే మూత బిగించండి, గడువు తేదీ చూడండి. మీటరుకూ కొంత తేడా అనుమతిస్తారు: 100 పైన అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ. ల్యాబ్‌లో 140 వచ్చినప్పుడు ఇంటి మీటరు 119 చూపినా 161 చూపినా అది చెడిపోయినట్టు కాదు. కాబట్టి నిన్న 138, ఇవాళ 146 అని బెంగపడొద్దు.

ఇంకోటి, కొలిచే సమయం. లేచి కాఫీ కలిపి, పేపరు చదివి, పూజ చేసుకుని అప్పుడు చూసుకుంటే అది వేరే అంకె. లేచి తిరగడం మొదలుపెట్టాక కొందరిలో షుగర్ ఇంకా ఎక్కుతుంది. మంచం దిగి చేతులు కడుక్కోగానే చూసుకోవాలి. ల్యాబ్‌కు వెళ్లేరోజు ఎనిమిది నుంచి పది గంటలు ఖాళీ కడుపు సరిపోతుంది. రాత్రి ఏడింటికి తిని మర్నాడు పదింటికి రక్తం ఇస్తే అది మీ రోజువారీ పరగడుపు అంకెతో పోల్చదగ్గది కాదు.

మూడు రాత్రులు, రాత్రికి మూడుసార్లు

వారంలో మామూలుగా గడిచే మూడు రాత్రులు ఎంచుకోండి. పెళ్లి భోజనం, జ్వరం, ప్రయాణం ఉన్న రోజులు వద్దు. ప్రతి రాత్రి పడుకునేముందు ఒకసారి, మూడు గంటలకు అలారం పెట్టుకుని ఒకసారి, లేవగానే ఒకసారి కొలవండి. మీటరు, స్ట్రిప్పు, లాన్సెట్ (వేలికి గుచ్చుకునే సూది), దూది, టార్చి అన్నీ పడుకునేముందే మంచం పక్కన ట్రేలో సర్దిపెట్టుకోండి. తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి దగ్గరుంటే మూడింటికి బాత్రూము దాకా నడవక్కర్లేదు. మూడింటి రీడింగు తర్వాత 70 కంటే తక్కువ ఉంటే తప్ప ఏమీ తినకండి.

పక్కన నోటు పుస్తకంలో ఈ వివరాలూ రాయాలి: రాత్రి భోజనం ఎన్నింటికి, ఏం తిన్నారు, ఎంత; మందు లేదా ఇన్సులిన్ ఎన్నింటికి, ఎన్ని యూనిట్లు; రాత్రి చెమటలు, పీడకలలు, లేవగానే తలనొప్పి ఉన్నాయా. ఇవి లేకపోతే అంకెలకు అర్థం చెప్పడం కష్టం.

మూడు రాత్రుల తర్వాత ఆ పేజీ చూడండి.

పడుకునేముందు 130, మూడింటికి 125, పొద్దున 175. ఇది తెల్లవారుజాము పెరుగుదల. సగం రాత్రి దాకా అంతా బాగానే ఉంది, ఆ తర్వాతే ఎక్కింది.

పడుకునేముందు 215, మూడింటికి 205, పొద్దున 195. రాత్రంతా ఒకటే మట్టం. ఇక్కడ తెల్లవారుజాము తప్పేమీ లేదు. సాయంత్రం నుంచి ఉన్న ఎక్కువే పొద్దున కనిపిస్తోంది. సరిచేయాల్సింది రాత్రి భోజనం, సాయంత్రం చిరుతిండి, లేదా రాత్రి భోజనానికి పడే మందు.

పడుకునేముందు 130, మూడింటికి 165, పొద్దున 210. రాత్రంతా మెట్లెక్కినట్టు పెరిగింది. ఇన్సులిన్ వాడేవాళ్లలో రాత్రి డోసు తెల్లారేదాకా నిలవడం లేదని అనుమానించాలి. ఇన్సులిన్ వాడనివాళ్లు రాత్రి ఎన్నింటికి తిన్నారో చూడండి. పదింటికి బిర్యానీయో, పూరీయో తిని పదిన్నరకు కొలిస్తే ఆ తిండి ఇంకా పూర్తిగా రక్తంలోకి రాలేదు. నూనె, నెయ్యి ఎక్కువున్న భోజనం నెమ్మదిగా అరిగి నాలుగైదు గంటల దాకా షుగర్‌ను ఎక్కిస్తూనే ఉంటుంది.

పడుకునేముందు 140, మూడింటికి 62, పొద్దున 190. ఈ నాలుగోదాన్ని జాగ్రత్తగా చదవాలి. రాత్రి షుగర్ పడిపోయింది. పడిపోయినప్పుడు శరీరం లివర్‌ను తట్టిలేపి గ్లూకోజు వదిలిస్తుంది, పొద్దున అంకె ఎక్కువ కనిపిస్తుంది అని 1938లో మైకేల్ సొమోగీ అనే జీవరసాయన శాస్త్రవేత్త చెప్పాడు. చేతికి అతికించుకుంటే రాత్రంతా షుగర్ కొలిచే సెన్సర్లు వచ్చాక తేలిందేమంటే, రాత్రి పడిపోయినవాళ్లలో చాలామందికి పొద్దున కూడా తక్కువే ఉంటుంది. ఆయన చెప్పినట్టు ఎగిరిపడటం అనుకున్నంత సాధారణం కాదు. చాలాసార్లు రాత్రి వణుకుతో లేచి కంగారులో ఐదారు బిస్కెట్లు, గ్లాసు పాలు, ఓ లడ్డూ తినేయడం వల్లే పొద్దున 190 వస్తుంది. కారణం ఏదైనా సరే, పొద్దుటి 190 చూసి రాత్రి ఇన్సులిన్ పెంచితే మర్నాటి రాత్రి 62 కాస్తా 40 అవుతుంది. మూడింటికి లేవమని ఇంతగా చెప్పేది దీనికోసమే. ఇక్కడ డోసు తగ్గించాలి, అదీ డాక్టరుతో ఆ రోజే మాట్లాడి.

చేతికి పెట్టుకునే సెన్సర్ కొనగలిగితే పద్నాలుగు రోజులు రాత్రంతా గీత కనిపిస్తుంది, అలారంతో పని లేదు. ఒక్క జాగ్రత్త: సెన్సర్ ఉన్న చేతిమీద ఒత్తిగిలి పడుకుంటే అది ఒత్తిడికి లేని తక్కువను చూపిస్తుంది. గీత హఠాత్తుగా 55కి పడి అరగంటలో మళ్లీ మామూలయితే, ఒంట్లో ఏ లక్షణమూ లేకపోతే, వేలిమీద కొలిచి చూసుకోండి.

రాత్రి షుగర్ పడిపోతే

70 లోపు ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ కొలవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. ఎక్కాక, పొద్దుటిదాకా చాలా సమయం ఉంటే అరగ్లాసు పాలో, రెండు మారీ బిస్కెట్లో చాలు.

వోగ్లిబోస్, అకార్బోస్ ఉన్న మాత్రలు వాడేవాళ్లకు మామూలు చక్కెర త్వరగా పనిచేయదు. చక్కెరను విడగొట్టే పనినే ఆ మందు ఆపుతుంది. మన దగ్గర మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్‌లతో కలిపి వోగ్లిబోస్ ఉన్న మూడు మందుల మాత్ర చాలామంది వాడుతున్నారు, అందులో అది ఉందని వాళ్లకే తెలియదు. మీ మాత్రల అట్ట వెనక పేర్లు ఇవాళే చదవండి. ఆ పేరుంటే మంచం పక్కన చక్కెర కాకుండా గ్లూకోజు పొడి ఉండాలి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లకు

30/70 మిశ్రమం ఇన్సులిన్ రాత్రి ఎనిమిదింటికి చేసుకుంటే అందులో నిదానంగా పనిచేసే 70 శాతం భాగం నాలుగైదు గంటల తర్వాత జోరందుకుంటుంది, అంటే అర్ధరాత్రి దాటాక. అసలు అవసరమయ్యే తెల్లవారుజాముకు నీరసిస్తుంది. రెండింటికి తక్కువ, ఆరింటికి ఎక్కువ కనిపించడానికి ఇది బాగా తరచుగా ఉండే కారణం. దీనికి డోసు పెంచడం మందు కాదు. భోజనానికి వేగంగా పనిచేసేదాన్ని, పడుకునేముందు నిదానంగా పనిచేసేదాన్ని విడివిడిగా ఇవ్వడమో, ఇరవైనాలుగు గంటలు నిలిచే గ్లార్జిన్ లాంటిదానికి మార్చడమో డాక్టరు చేస్తారు. మీ పేజీ చూపిస్తే ఆ నిర్ణయం పది నిమిషాల్లో అయిపోతుంది.

గ్లార్జిన్ లాంటివి వాడేవాళ్లకు పరగడుపు అంకెను బట్టి మూడు రోజులకోసారి రెండు యూనిట్లు పెంచుకోమని డాక్టర్లు చెప్పడం మామూలే. దానికీ ఒక హద్దుంది. బరువు కిలోకు అర యూనిట్ దాటినా, అంటే 70 కిలోల మనిషికి 35 యూనిట్లు దాటినా, పడుకునేముందుకీ పొద్దుటికీ మధ్య 50 కంటే ఎక్కువ దిగుతున్నా, ఆ ఇన్సులిన్ రాత్రి భోజనానికి పడాల్సిన మందు పనిని కూడా మోస్తోందన్నమాట. అక్కడ ఆగి డాక్టరును అడగాలి.

డోసు సరిగ్గానే ఉన్నా మందు పనిచేయని సందర్భాలున్నాయి. రోజూ బొడ్డు పక్కన ఒకేచోట గుచ్చుకుంటే చర్మం కింద మెత్తటి గడ్డలా కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి అందరికీ ఆ చోటే ఇష్టం. కానీ అక్కడి నుంచి ఇన్సులిన్ ఒకరోజు సగమే ఎక్కుతుంది, ఇంకోరోజు మొత్తం ఎక్కుతుంది. వేళ్లతో తడిమి చూడండి. గడ్డ తగిలితే కొన్ని నెలలు ఆ చోటు వదిలేసి, ప్రతిసారీ ఒక వేలి వెడల్పు జరిపి గుచ్చండి. మంచి చోటుకు మారినరోజు మందు బాగా ఎక్కి షుగర్ పడిపోవచ్చు, అందుకని డోసు సంగతి ముందే డాక్టరును అడగండి.

తెల్లగా పాలలా ఉండే ఇన్సులిన్‌ను ప్రతిసారీ అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు మెల్లగా తిప్పాలి. గట్టిగా కుదపకూడదు. కలపకపోతే ఒకరోజు పల్చన, ఒకరోజు చిక్కన వెళుతుంది. మన దేశంలో సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, పెన్నులవి 100 యూనిట్లవి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. 100 మందును ఎర్ర మూత సిరంజితో ఎక్కిస్తే రెండున్నర రెట్లు వెళుతుంది. తారుమారైతే సగం కంటే తక్కువ వెళుతుంది.

మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో కరెంటు పోయిన గదిలో ఇన్సులిన్ పాడవుతుంది. వాడుతున్న సీసాను 30 డిగ్రీల లోపు చోట నాలుగు వారాలు ఉంచొచ్చు. ఫ్రిజ్ లేకపోతే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, మందును మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి ఆ ముంతలో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు ఐసు అరకు తగలనివ్వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

రాత్రి భోజనం, మాత్రలు

ఎనిమిదిలోపు తినేసి, పడుకోవడానికి రెండు మూడు గంటలు ఎడం ఇవ్వగలిగితే ‘రాత్రంతా ఎక్కువ’ ఉన్నవాళ్లలో తేడా వారంలోనే తెలుస్తుంది. అన్నం మాని చపాతీకి మారినంత మాత్రాన సరిపోదు. ఒక కప్పు వండిన అన్నంలో 45 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. నూనె లేని మూడు చపాతీలలోనూ అంతే. కప్పు అన్నం తినేవాళ్లు అరకప్పు చేసి, ఆ ఖాళీని కూర, పప్పు, గుడ్డు, మజ్జిగతో నింపాలి. భోజనమయ్యాక ‘పండే కదా’ అని తినే రెండు అరటిపళ్లు, తొమ్మిదింటి గ్లాసు పాలు కూడా లెక్కలోకి వస్తాయి. తిన్నాక పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా నడిచి రండి.

గ్లిమెపిరైడ్ లాంటివి, 30/70 ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం మందు వేసుకుని భోజనం మానేయకూడదు. రాత్రి రెండింటికి పడిపోవడానికి ఇదే దారి. పడుకునేముందు 100 లోపు ఉంటే అరగ్లాసు పాలు తాగి పడుకోవాలి.

తెల్లవారుజాము పెరుగుదలే అని తేలితే తిండి సవరణ కొంతవరకే పనిచేస్తుంది. లివర్ వదిలే గ్లూకోజును తగ్గించేది మెట్‌ఫార్మిన్. మీరు దాన్ని పొద్దున మాత్రమే వేసుకుంటుంటే, నిదానంగా విడుదలయ్యే రకాన్ని రాత్రి భోజనంతో ఇవ్వొచ్చా అని డాక్టరును అడగండి. పొద్దుటి వేళ ఇన్సులిన్ సరిగా పనిచేయక మొండికేస్తుంది కాబట్టి నాలుగు ఇడ్లీలు, చక్కెర కాఫీ సాయంత్రం కంటే పొద్దున ఎక్కువ ఎక్కిస్తాయి. రెండు ఇడ్లీలు, గిన్నెడు కూరగాయల సాంబారు, ఉడికించిన గుడ్డు మేలు.

గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్లకు ఆ నిద్రలేమే షుగర్ పెంచుతుంది. దాన్ని విడిగా చూపించాలి. పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్లు కూడా అన్ని అంకెల్నీ పైకి లాగుతాయి. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసి పొద్దున పడుకునేవాళ్లు మధ్యాహ్నం లేచినప్పటి రీడింగునే తమ పరగడుపుగా రాసుకుని, మూడింటికి బదులు నిద్ర మధ్యలో కొలవాలి.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినప్పుడు

పొద్దున 250 పైన ఉండి వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోట్లోంచి పండ్లు మురిగినట్టు వాసన ఉంటే అది కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగిన లక్షణం. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం) ఉన్న పిల్లల్లో ప్రతి గంటా ముఖ్యమే. తినడం లేదని వాళ్లకు ఇన్సులిన్ పూర్తిగా ఆపేయకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లలో షుగర్ 180 ఉన్నా ఇది రావచ్చు, కాబట్టి వాంతులు, ఆయాసం ఉంటే మీటరు అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. వెళ్లేటప్పుడు మందుల అట్టలన్నీ, ఆ మూడు రాత్రుల పేజీ వెంట తీసుకెళ్లండి.